బండిలో కాపురం, బయట మంచు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోల: మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులా కట్టిన బండిలో ఉంటున్నాం, చలి చంపేస్తోంది, ఏం చెయ్యాలి? కొలరాడోలో రెండు చలికాలాలు ఇరవై ఎనిమిది అడుగుల బండిలో మా ఆయనతో కాపురం చేశానని పోయిన సంచికలో మాటవరసకు రాశాను, దాని ఫలితం ఇది. కొన్నిటికి పొడుగ్గా, కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు రాస్తున్నాను. చిన్న జవాబు వచ్చినవాళ్ళు అలగొద్దు.

ప్రశ్న: అక్కా, నా భార్య ట్రావెల్ నర్సు. పదమూడు వారాల కాంట్రాక్టు మీద మిన్నెసోటా వచ్చాం, ఇంకో పదమూడు వారాలు పొడిగించేలా ఉన్నారు. అద్దెలు చూసి భయపడి 31 అడుగుల పాత క్లాస్ సీ (లారీ క్యాబిన్ వెనక ఇల్లు కట్టిన రకం) మోటర్‌హోమ్ కొన్నాం. రాత్రంతా ఫర్నేస్ (బండిలో బిగించిన గ్యాస్ హీటర్) మోగుతూనే ఉంటుంది, పది గ్యాలన్ల ప్రొపేన్ రెండున్నర రోజులకే ఖాళీ, అయినా కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇంకో పెద్ద హీటర్ పెట్టించమంటారా? రెండు కరెంటు హీటర్లు కొనుక్కుంటే గ్యాస్ ముట్టుకోనక్కర్లేదని పక్క బండాయన అంటున్నాడు. – ఒక పాఠకుడు, రోచెస్టర్, మిన్నెసోటా

జవాబు: హీటర్ కొనకు తమ్ముడూ, ముందు చిల్లులు వెతుకు. లెక్క చూస్తే నీ ఫర్నేస్‌ది తప్పేం లేదు. గ్యాలన్ ప్రొపేన్‌లో సుమారు 91,500 బీటీయూల (వేడిని కొలిచే లెక్క) వేడి ఉంటుంది, నీ సైజు బండిలో ఫర్నేస్ గంటకు ముప్ఫై వేల దాకా తాగుతుంది, అంటే పది గ్యాలన్లతో ముప్ఫై గంటలు మండుతుంది. రెండున్నర రోజులు వచ్చిందంటే రోజులో సగంసేపు మండుతోందన్నమాట. అంత మండినా కాళ్ళు చల్లగా ఉన్నాయంటే వేడి పుట్టడం లేదని కాదు, పుట్టింది పుట్టినట్టే బయటికి పోతోందని. చిల్లు కుండలో నీళ్ళు నిలవట్లేదని పెద్ద చెంబు కొంటామా?

గాలి బాగా వీచే రోజు చూసి ఒక అగరొత్తి వెలిగించు. దాన్ని పట్టుకుని బండంతా మెల్లగా తిరుగు. తలుపు కింద, స్లైడ్ (బయటికి జరిపి గదిని పెద్దది చేసే గోడ) జరిగే చోట రబ్బరు దగ్గర, సింకు కింద పైపులు నేలలోకి దిగే కన్నం దగ్గర, మంచం కింది అరల్లో పెట్టి చూడు, పొగ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ గాలి జొరబడుతున్నట్టు. (స్మోక్ అలారం మోగితే కంగారు పడకు, విసనకర్రతో ఊపు.) మా బండిలో అన్నిటికన్నా పెద్ద గాలి ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా, బ్రేక్ పెడల్ పక్కనుంచి! డ్రైవరు సీటు ఉన్న ముందు భాగం లారీ క్యాబినే కదా, దాన్ని ఇల్లులా ఎవరూ కట్టరు, పెద్ద అద్దం, రెండు పల్చటి తలుపులు, కింద కన్నాలు. అందుకే క్లాస్ సీ బండిలో మొదటి పని క్యాబిన్‌ని ఇంట్లోంచి వెలివెయ్యడం. సీట్ల వెనక పైనుంచి నేల దాకా మందపాటి బొంత గానీ రెండు పొరల రగ్గు గానీ వేలాడదియ్యి, అంచులకు వెల్‌క్రో పెట్టు. క్యాబిన్ మీద ఉండే మంచం చలికాలంలో పడుకోవడానికి పనికిరాదు, మూడు వైపులా బయటి గాలే, అక్కడ మీ సూట్‌కేసులు పడుకోబెట్టండి. కన్నాలకు ఫోమ్ నింపు, రూఫ్ వెంట్లకు, అంటే పైకప్పులో గాలి పోయే కన్నాలకు, పద్నాలుగు అంగుళాల ఫోమ్ దిండ్లు అమ్ముతారు, అవి కుక్కు, ఒక్కదానికి తప్ప. ఆ ఒక్కటి ఎందుకో తర్వాతి జవాబులో చెప్తాను.

ఇక కాళ్ళ సంగతి. నీ నేల కింద భూమి లేదు, గాలి ఉంది, మిన్నెసోటా గాలి. దాన్ని ఆపాలంటే బండి చుట్టూ అంచు నుంచి నేల దాకా గోడ కట్టాలి, స్కర్టింగ్ అంటారు. హార్డ్‌వేర్ షాపుల్లో గులాబీ రంగులోనో నీలం రంగులోనో గట్టి ఫోమ్ పలకలు దొరుకుతాయి, మన థర్మోకోల్‌కి పెద్దన్నయ్య లాంటివి. రెండంగుళాల మందం తీసుకుంటే ఆర్-విలువ (వేడి బయటికి పోకుండా ఆపే శక్తి) పది, అది నీ బండి గోడ కన్నా ఎక్కువే ఉండొచ్చు. కొలత ప్రకారం కోసి, అతుకుల మీద ఫాయిల్ టేపు వేసి, కింద మంచు పడ్డాక పారతో ఇంకాస్త మంచు ఎగదొయ్యి, గాలి దూరదు. గడ్డిమోపులు పేర్చమని కొందరు చెప్తారు. మేం మొదటి ఏడాది అదే చేశాం, వెచ్చగానే ఉంది, జనవరికల్లా ఎలుకలకీ వెచ్చగా ఉంది. పైగా నిప్పంటుకుంటే అంతే సంగతులు. రెండో ఏడాది ఫోమే.

స్కర్టింగ్ కట్టాక మూడు జాగ్రత్తలు. ఫర్నేస్ పొగ బయటికొచ్చే మూత పక్క గోడకి ఉంటుంది, దాన్ని ఫోమూ మంచూ కప్పెయ్యకూడదు, మంచు కురిసిన ప్రతి పొద్దున వెళ్ళి చూడు. జెనరేటర్ గానీ ఇంజిన్ గానీ స్టార్ట్ చెయ్యొద్దు, ఆ పొగ బండి కిందే ఇరుక్కుని నేల కన్నాల్లోంచి మీ దగ్గరికే వస్తుంది. మూడోది, ఇది చాలామంది కట్టేశాక గుర్తొచ్చి తల పట్టుకునేది: మోటర్‌హోమ్‌లో గ్యాస్ ట్యాంకు ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, విప్పి తీసుకెళ్ళి నింపించుకునే వీలు లేదు, బండినే తోలుకెళ్ళాలి. చుట్టూ గోడ కట్టి బండిని ఎక్కడికి తోలుతావు? గ్యాస్ కంపెనీని పిలిచి, బయట వంద పౌండ్ల సిలిండర్ నిలబెట్టి నీ ట్యాంకు లైనుకి ‘T’ ఆకారపు జాయింటుతో కనెక్షన్ ఇప్పించుకో. అందులో ఇరవై మూడున్నర గ్యాలన్లు పడతాయి, ఇప్పటి వాడకంలోనే ఆరు రోజులు వస్తుంది, స్కర్టింగ్ తర్వాత ఇంకా ఎక్కువ. ఖాళీ అయితే వాళ్ళే వచ్చి నింపుతారు.

పక్క బండాయన మాట సగం నిజం. 1,500 వాట్ల హీటర్ ఇచ్చేది గంటకు ఐదు వేల బీటీయూల పైచిలుకు. ఫర్నేస్ పొగతో బయటికి పోయేది పోగా ఇంట్లోకి వచ్చేదాంతో పోలిస్తే నాలుగున్నర హీటర్లు కావాలి. నీది 30 ఆంపియర్ల కనెక్షన్ అయితే మొత్తం 3,600 వాట్లు, రెండు హీటర్లకే ఇరవై ఐదు ఆంపియర్లు అయిపోయాయి, ఆ పైన మీ ఆవిడ డ్యూటీ నుంచొచ్చి ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెట్టిందంటే బ్రేకర్ ఠప్. ఠప్‌మంటే అదృష్టం. మాకు ఒకసారి బ్రేకర్ పడలేదు, ప్లగ్గే కరిగింది, మా ఆయన ముట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు. రాత్రంతా నడిచే వాటికి ఆ ముప్ఫైలో ఇరవై నాలుగు దాటకు. హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్సులో అస్సలు పెట్టకు.

అసలు మెలిక ఇంకోటి ఉంది. చలికి తట్టుకునేలా కట్టిన బండ్లలో నీళ్ళ ట్యాంకులూ పైపులూ ఉండే అడుగు భాగానికి ఫర్నేస్ గొట్టం ఒకటి వెళ్తుంది. ఫర్నేస్ తిరిగితేనే అక్కడికి వేడి. నువ్వు కరెంటు హీటర్ పెట్టి గది వెచ్చబెట్టేశావనుకో, గది వేడి చూసి ఫర్నేస్‌ని నడిపే థర్మోస్టాట్ ‘ఓహో చాల్లే’ అని ఫర్నేస్‌ని పడుకోబెడుతుంది, పైన నువ్వు బనీన్‌తో కూర్చుని ఉంటావు, కింద ట్యాంకు గడ్డ కడుతుంది. కాబట్టి ఒక్క హీటర్ తోడుగా పెట్టుకో, థర్మోస్టాట్‌కి దూరంగా, రాత్రి చలి ముదిరినప్పుడు ఫర్నేస్ గంటకి రెండు మూడు సార్లయినా రాజుకునేలా సర్దుకో. ఏది చవకో తెలియాలంటే ఓ కొండగుర్తు: గ్యాలన్ ప్రొపేన్ నుంచి ఇంట్లోకి వచ్చే వేడి దాదాపు ఇరవై ఒక్క యూనిట్ల కరెంటుతో సమానం. మీ పార్కులో యూనిట్ పదిహేను సెంట్లు అనుకుంటే ఇరవై ఒకటితో గుణించు, మూడు డాలర్ల పదిహేను సెంట్లు. గ్యాలన్ అంతకన్నా తక్కువకి దొరికితే గ్యాసే చవక.

ప్రశ్న: మేడమ్, మా సమస్య చలి కాదు, తడి. ఒహాయోలో క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంటున్నాం. పొద్దున లేచేసరికి కిటికీల మీంచి నీళ్ళు కారుతుంటాయి, పరుపు కింద తడి, బట్టల అరలో బూజు వాసన. పైకప్పు కారుతోందేమోనని ఎక్కి చూశాం, ఏం లేదు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు మాతోనే ఉన్నారు. వెంట్ కొంచెం తీద్దామంటే, చలికాలంలో పైన కన్నం ఎవరైనా తెరుస్తారా అంటారు. – ఒక పాఠకురాలు, కొలంబస్

జవాబు: పైకప్పు కారడం లేదమ్మా, మీరే కారుతున్నారు. ముగ్గురు మనుషులు రాత్రంతా ఊపిరి వదిలితే అరలీటరు పైనే నీరు గాల్లో కలుస్తుంది, దానికి తోడు మన వంటలు. అన్నం, పప్పు, చారు, అన్నీ ఉడికేవే. గ్యాస్ పొయ్యి మంటలోంచీ నీళ్ళొస్తాయి, ఇది చాలామందికి తెలీదు. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నర పైన నీటి ఆవిరి పుడుతుంది, పొయ్యి వెలిగించినంతసేపూ అది మీ గదిలోకే. పొగగొట్టం లేని చిన్న గ్యాస్ హీటర్లు వాడేవాళ్ళ బండ్లు చెమ్మగా ఉండేది ఇందుకే. ఫర్నేస్‌తో ఈ బాధ లేదు, దాని ఆవిరి దాని గొట్టంలోంచే బయటికి పోతుంది.

అత్తగారికి ఇలా చెప్పి చూడండి. 20 డిగ్రీల గాలి ఘనమీటరుకి పదిహేడు గ్రాముల దాకా నీటిని మోయగలదు, సున్నా డిగ్రీల గాలి ఐదు గ్రాములు కూడా మోయలేదు. అంటే బయట ఎంత మంచు కురుస్తున్నా బయటి గాలి పొడిదే. అది కాస్త లోపలికొచ్చి వెచ్చబడితే తువ్వాలులా తడి పీల్చుకుంటుంది, పీల్చుకున్న గాలిని పై వెంట్‌లోంచి పంపేస్తే సరి. రాత్రంతా ఒక వెంట్ అంగుళం తెరిచి, వంట చేసేటప్పుడు ఫ్యాన్ వేసి, గిన్నెల మీద మూతలు పెట్టండి. కొంచెం వేడి పోతుంది, పోనివ్వండి. తడిసిన పరుపు మీద పడుకుంటే వేసే చలి దానికన్నా ఎక్కువ. ఉతికిన బట్టలు బండిలో ఆరేస్తున్నట్టయితే ముందు అది మానెయ్యండి, లాండ్రీలోనే ఆరబెట్టుకుని తెచ్చుకోండి. ఇది అత్తగారు ఒప్పుకోరు, నాకు తెలుసు, మా అత్తగారూ ఒప్పుకోలేదు.

పరుపు కింద తడికి కారణం వేరే. మీ ఒంటి వేడికి పరుపులోంచి దిగిన ఆవిరి కింద చల్లటి ప్లైవుడ్ తగిలి నీళ్ళవుతుంది. పరుపు కింద చెక్క పట్టీలు పరిచి వేలెడు ఖాళీ ఉంచండి, గోడకి ఆనించకండి. అరల తలుపులు రాత్రిపూట ఓరగా తెరిచి ఉంచితే బూజు సగం తగ్గుతుంది. కిటికీలకి లోపల హెయిర్ డ్రైయర్‌తో బిగించే ప్లాస్టిక్ ఫిల్మ్ చవక, పని చేస్తుంది. ముందు అద్దానికి మాత్రం కవరు బయటినుంచి వెయ్యండి. లోపల వేస్తే అద్దం చల్లగానే ఉండి, కవరు వెనక మీకు కనబడకుండా నీళ్ళు కారి డాష్‌బోర్డులోకి దిగుతాయి. అరల్లో పెట్టే తడి పీల్చే డబ్బాలతో పెద్దగా ఒరిగేది లేదు, డబ్బా నిండింది చూసి సంతోషపడటం తప్ప. గాల్లో తడి లాగేసే కరెంటు డీహ్యూమిడిఫయర్ కొంటే బండి ఎంత వెచ్చగా ఉంచుతారో చూసుకుని కొనండి, కంప్రెసర్ రకం చల్లటి గదిలో నీరసిస్తుంది. పది డాలర్లకో పదిహేను డాలర్లకో తేమ మీటరు దొరుకుతుంది, అది గోడకి తగిలించి నలభై, యాభై శాతం మధ్య ఉండేలా చూసుకోండి. అంకె ఎదురుగా ఉంటే అత్తగారితో వాదనా తగ్గుతుంది.

ప్రశ్న: గ్యాస్ పొయ్యి నాలుగు బర్నర్లూ వెలిగించి పది నిమిషాలుంచితే బండి చక్కగా వెచ్చబడుతోంది. ఖర్చూ లేదు. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా? ఇండియన్ స్టోర్‌లో చిన్న కుంపటి కూడా చూశాను.

జవాబు: ఉంది, చచ్చిపోతారు. గట్టిగా చెప్తున్నానని అనుకోవద్దు. పది నిమిషాలనే మొదలవుతుంది, ఒకరోజు దాని ముందు కూర్చుని కునుకు పడుతుంది. మూసిన గదిలో మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. గ్యాస్ లీకైతే వాసన కలిపి పెట్టారు కాబట్టి ముక్కుకి తెలుస్తుంది, దీనికి రంగూ వాసనా లేవు, తలనొప్పి, వికారం, మత్తు, అంతే, జలుబు చేసిందేమో అనుకుని దుప్పటి కప్పుకుంటారు. కుంపటైతే మరీ ఘోరం. బూడిద పట్టి చల్లారినట్టు కనిపించే బొగ్గు కూడా ఈ గ్యాస్ వదులుతూనే ఉంటుంది. మన ఊళ్ళో బాలింత గదిలో కుంపటి పెట్టేవారు కదా అంటారేమో, ఆ గదికి పెంకుల సందులుండేవి, తలుపుల కింద బెత్తెడు ఖాళీ ఉండేది. మీ బండి డబ్బా.

ప్రశ్న: నమస్తే అండీ. మాది స్కాట్లాండ్. అద్దె ఇల్లు వదిలేసి పోయిన వేసవి నుంచి మోటర్‌హోమ్‌లో ఉంటున్నాను. అక్టోబరు దాకా అంతా బాగుంది, ఇప్పుడు పొద్దున్నే హీటరూ వెలగదు, టీ పెట్టుకుందామంటే పొయ్యి మంటా నీలిగి నీలిగి ఆరిపోతుంది. సిలిండర్ ఊపితే సగం నిండుగానే ఉంది. మధ్యాహ్నానికి దానంతట అదే బాగవుతోంది. రెగ్యులేటర్ మార్చాలా? – ఒక పాఠకుడు, ఇన్వర్నెస్

జవాబు: మీ సిలిండర్ రంగు రాయలేదు గానీ నీలం అని పందెం కాస్తాను. బ్రిటన్‌లో క్యాలర్ అనే గ్యాస్ కంపెనీ వాళ్ళ నీలం సిలిండర్‌లో ఉండేది బ్యూటేన్, ఎర్ర సిలిండర్‌లో ప్రొపేన్. సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, అది మరిగి ఆవిరైతేనే గొట్టంలోకి వస్తుంది. బ్యూటేన్ మరిగేది సున్నాకి అర డిగ్రీ కింద. బయట మైనస్ మూడు ఉందంటే సిలిండర్‌లో నీళ్ళలా కూర్చుని ఉంటుంది, ఊపితే గలగలమంటుంది, పైకి రాదు. మధ్యాహ్నం కాస్త వేడెక్కగానే వస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా మరుగుతుంది, స్కాట్లాండ్ చలి దానికి లెక్కలోకి రాదు. ఎర్ర సిలిండర్‌కి మారండి, అంతే.

మన ఇళ్ళలో వచ్చే గ్యాస్ బండలో ఈ రెండూ కలిపి ఉంటాయి, అక్కడ ఇంత చలి ఉండదు కాబట్టి ఈ తేడా మనకెప్పుడూ తెలిసిరాదు. ఇంటి దగ్గర గ్యాస్ అయిపోవస్తే బండని వాలుగా పడుకోబెట్టి ఇంకో పూట వంట లాగించేవాళ్ళం చూడండి, ఆ అలవాటు కొద్దీ ఇక్కడ కూడా పడుకోబెట్టకండి. ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లోకి దిగి మంట భగ్గుమంటుంది. వేడినీళ్ళు పొయ్యడం, హెయిర్ డ్రైయర్ పెట్టడం లాంటివీ వద్దు.

రెగ్యులేటర్ విషయం: మీ బండి 2004 తర్వాతదైతే రెగ్యులేటర్ గోడకి బిగించి 30 మిల్లీబార్లది ఉంటుంది, రెండు గ్యాసులకీ అదే సరిపోతుంది, సిలిండర్‌కి తగిలించే గొట్టం ఒక్కటే మార్చుకోవాలి. అంతకన్నా పాతదైతే సిలిండర్ మీదే కూర్చునే రెగ్యులేటర్ ఉండొచ్చు, బ్యూటేన్‌ది 28, ప్రొపేన్‌ది 37, అప్పుడు గ్యాస్ మెకానిక్‌ని పిలవండి. బండి కాగితాల్లో గ్రేడ్ త్రీ అని ఉందేమో కూడా చూసుకోండి. యూరప్ ప్రమాణం ప్రకారం ఆ గ్రేడ్ ఉన్న బండి బయట మైనస్ 15 ఉన్నా నాలుగు గంటల్లో లోపల 20 డిగ్రీలకి రావాలి, నీళ్ళ పైపులూ పనిచెయ్యాలి. అది లేకపోతే మీ ట్యాంకులు బండి కింద బయటికే వేలాడుతూ ఉండొచ్చు, కింది జవాబు మీక్కూడా.

ప్రశ్న: డెన్వర్ దగ్గర ఉంటున్నాం. నీళ్ళ గొట్టం రెండుసార్లు గడ్డకట్టింది, నిన్న మురికినీళ్ళ పైపు పగిలింది. ఏది ముందు చూసుకోవాలి?

జవాబు: గొట్టాన్ని అసలు తగిలించి ఉంచకండి. బండిలో మంచినీళ్ళ ట్యాంకు ఉందిగా, రెండు మూడు రోజులకోసారి పగటిపూట నింపుకుని, గొట్టం విప్పి, నీళ్ళు వంచేసి లోపల పెట్టుకోండి, పంపు మీద వాడుకోండి. మేం చేసిందదే, ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అలా కుదరదంటే కరెంటుతో వెచ్చబడే గొట్టం కొనుక్కోవాలి, దాంతో పాటు పార్కు వాళ్ళ కుళాయికి కూడా వేడి టేపు చుట్టాలి, గొట్టం వెచ్చగా ఉండి కుళాయి గడ్డకడితే ఏం లాభం.

పైపు పగిలిందంటే మురికినీళ్ళ వాల్వు తెరిచి వదిలేసి ఉంటారు. గిన్నెలు తోమినప్పుడల్లా కాసిని కాసిని నీళ్ళు కారి, కారినవి కారినట్టే గడ్డ కట్టి, పొరమీద పొర పైపు నిండిపోతుంది. వాల్వు మూసి ఉంచండి, ట్యాంకు నిండాక ఒక్కసారిగా వదలండి, పైపు కిందికి వాలుగా ఉండాలి, మధ్యలో పొట్ట వేలాడకూడదు. మురికినీళ్ళ ట్యాంకులో పొయ్యడానికి గులాబీ రంగు ఆర్వీ (మోటర్‌హోమ్ లాంటి బండ్ల) యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టకుండా చేసే ద్రవం, వాడండి. కారు రేడియేటర్‌లో పోసే ఆకుపచ్చది విషం, అది వద్దు. సింకు కింది తలుపులు రాత్రి తెరిచి పెట్టండి. ట్యాంకు దగ్గర 60 వాట్ల బల్బు వేలాడదియ్యమని పాతవాళ్ళు చెప్తారు, ఆ చిట్కా చెప్పిన రోజుల్లో బల్బులు వేడెక్కేవి, ఎల్ఈడీ పెట్టి పొద్దున్నే నన్ను తిట్టుకోకండి. గడ్డకట్టిన పైపుని హెయిర్ డ్రైయర్‌తో కరిగించండి, మంటతో కాదు.

ప్రశ్న: హాయ్ ఆంటీ, మేం ముగ్గురం స్టూడెంట్లం, అరిజోనా. శీతాకాలం సెలవులకి పాత ఆర్వీ అద్దెకి తీసుకుని ఫ్లాగ్‌స్టాఫ్ అడవిలో పార్క్ చేశాం. రాత్రి మూడింటికి ఫర్నేస్ ఆగిపోయింది, గ్యాస్ ఫుల్ ఉంది. తర్వాత తెల్లారేదాకా నిద్ర లేదు. అరిజోనాలో ఇంత చలేంటి?

జవాబు: బ్యాటరీ అయిపోయింది బాబూ. గ్యాస్ మండినా వేడిని ఊదేది 12 వోల్టుల ఫ్యాను, అది ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. పన్నెండు గంటల రాత్రిలో సగంసేపు తిరిగితే నలభై ఐదు ఆంపియర్-అవర్లు. అద్దె బండిలో ఉండే పాత వంద ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో వాడదగ్గది సగమే, చలికి ఆ సగంలో మళ్ళీ కోత. మూడింటి దాకా వచ్చిందంటే మంచి బ్యాటరీయే. లిథియం అయితే ఎక్కువసేపు వస్తుంది గానీ గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు, అందుకే దాన్ని బండి లోపల పెడతారు. ఇక అంత చలేంటంటే, ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. అదే అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ 270 మీటర్లలో, చలికాలం ఎక్కడెక్కడి మోటర్‌హోమ్‌లూ వచ్చి వాలేది అక్కడే. మీకు ఉద్యోగం లేదు, పిల్లల బడి లేదు, బండి స్టార్ట్ చేసి కొండ దిగండి.

ప్రశ్న: డిసెంబరులో హైదరాబాద్ నుంచి కారవాన్ మాట్లాడుకుని లంబసింగి వెళ్తున్నాం, ఇద్దరు చిన్నపిల్లలు. హీటర్ ఉన్న బండే కావాలా?

జవాబు: అక్కర్లేదు. లంబసింగిలో పొద్దుటిపూట బాగా చలే, ఐదు డిగ్రీల లోపుకి దిగే రోజులుంటాయి, కానీ అది తెల్లవారుజాము చలి. మంచి రగ్గులు, పిల్లలకి మంకీ క్యాప్‌లు, సాక్సులు చాలు. నా టెన్షన్ వేరే. రాత్రి ఏసీ కోసమో, ఫోన్ ఛార్జింగుల కోసమో డ్రైవరు జెనరేటర్ గానీ ఇంజిన్ గానీ ఆన్‌లో ఉంచి పడుకుంటాడేమో చూసుకోండి. 2024 డిసెంబరులో కేరళలో వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయారు, జెనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ నేల కన్నంలోంచి లోపలికి చేరిందని పరిశీలనలో తేలింది. బండి మాట్లాడుకునేటప్పుడు హీటర్ ఉందా అని కాదు, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం ఉందా అని అడగండి. లేదంటే ఆన్‌లైన్‌లో మీరే ఒకటి కొని పట్టుకెళ్ళండి, పడుకునే ఎత్తులో పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. మా అబ్బాయి కెనడాలో క్యాల్గరీలో ఇల్లు వదిలేసి ఏదో బస్సులాంటి దాంట్లో ఉంటున్నాడు. ఫోన్‌లో చూపిస్తే బయటంతా తెల్లగా ఉంది. అడిగితే బానే ఉన్నానమ్మా అంటాడు. మైనస్ 30 అంటున్నారు, మనిషి తట్టుకుంటాడా? నేనేమన్నా పంపగలనా?

జవాబు: తట్టుకుంటాడమ్మా. బండి సరిగ్గా కట్టుకుంటే లోపల మీ తెనాలి సంక్రాంతి అంత వెచ్చగా ఉంటుంది. మీ చేతిలో ఉన్న పని కూడా ఉంది: పాత నూలు చీరలతో కుట్టిన బొంత ఉంటే రెండు పంపండి, ఒకటి కప్పుకోవడానికి, ఒకటి డ్రైవరు సీటు వెనక అడ్డంగా కట్టుకోవడానికి. కొలత అడిగి కుట్టించండి, నేల దాకా రావాలని చెప్పండి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు బానే ఉన్నావా అని అడగొద్దు, బానే ఉన్నాననే అంటాడు. వీడియోలో కార్బన్ మోనాక్సైడ్ అలారం చూపించమనండి. దాని వెనక తయారైన తేదీ ఉంటుంది, అవి కలకాలం పనిచెయ్యవు, ఐదు నుంచి పదేళ్ళలోపు, రకాన్ని బట్టి, మార్చాలి. పాత బండి కొన్నాడంటే అలారమూ పాతదే అయ్యుంటుంది. ఇంకో మాట, మనవాళ్ళు చేసే పనే ఇది, నేనూ చేశాను: తిరగమోత పెట్టినప్పుడల్లా అంత చిన్న బండిలో మిరపకాయల ఘాటుకి స్మోక్ అలారం గోల పెడుతుంది, విసుగొచ్చి బ్యాటరీ పీకి పక్కన పడేస్తాం, కొన్ని బండ్లలో పొగకీ కార్బన్ మోనాక్సైడ్‌కీ ఒకటే డబ్బా ఉంటుంది. మీవాడు పీకాడో లేదో మీరడిగితేనే నిజం చెప్తాడు.